ఇంట్లో చదువు, స్కూల్ టీమ్‌లో పరుగు: పెన్సిల్వేనియాలో నా అనుభవం

పెన్సిల్వేనియాలో హోమ్‌స్కూల్ పిల్లలు తమ ఏరియా పబ్లిక్ స్కూల్ (ప్రభుత్వ బడి) టీముల్లో ఆడొచ్చు. స్కూలు వాళ్ళు దయతలచి ఇచ్చే అనుమతి కాదిది, పిల్లల హక్కు. 2005లో చేసిన 67వ నంబరు చట్టం ఆ హక్కు ఇచ్చింది, 2006 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఇంత పాత చట్టం ఉన్నా, మా పెద్దమ్మాయిని హైస్కూల్ క్రాస్ కంట్రీ (గడ్డిలో, గుట్టల మీద పరుగు పందెం) టీమ్‌లో చేర్పించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మా చుట్టుపక్కల పిల్లల్ని ఇంట్లో చదివించుకునే తెలుగువాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఎక్కువమంది "ఆటలు మనకెక్కడ కుదురుతాయిలే" అని ముందే వదిలేస్తున్నారు. వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా హోమ్‌స్కూల్ సంగతి. 2020లో కోవిడ్ వచ్చి అందరి పిల్లలూ ఇంట్లో కూర్చున్నప్పుడు మా అమ్మాయి స్క్రీన్ ముందు ఏడు గంటలు కూర్చోలేక నలిగిపోయింది. మరుసటి ఏడాది ఇంట్లో మేమే చెప్పుకుందాం అనుకున్నాం. ఒక్క ఏడాదికే అనుకున్నది అలాగే సాగింది, ఎందుకంటే పిల్ల తేలిగ్గా ఊపిరి తీసుకోవడం మా కళ్ళతో చూశాం. పొద్దున లెక్కలు తనంతట తానే చేసుకునేది, మధ్యాహ్నం ఒకే పుస్తకం పట్టుకుని మూడు గంటలు కదిలేది కాదు. ఒంగోలు నుంచి మా అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "చక్కగా బడికి పోయే పిల్లని ఇంట్లో కూర్చోబెట్టావేంటే?" అని బాధపడేది. ఆవిడ దృష్టిలో బడి మానేసిన పిల్లంటే ఓపెన్ టెన్త్ కట్టే పిల్లే. ఇక్కడ అలా కాదని నచ్చజెప్పడానికి చాలాకాలం పట్టింది.

నిజానికి ఈ రాష్ట్రంలో ఇంట్లో చదివించడం అంటే గాలికి వదిలేయడం కాదు. 1988 నాటి 169వ చట్టం ప్రకారం ఏటా ఆగస్టు 1 లోపు నోటరీ చేయించిన అఫిడవిట్ మా స్కూల్ డిస్ట్రిక్ట్ (మా ఏరియా పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) సూపరింటెండెంట్‌కి ఇవ్వాలి. ఏ సబ్జెక్టులో ఏం నేర్పుతామో రాసి జతచేయాలి, టీకాల వివరాలు పెట్టాలి. నేర్పే వ్యక్తిని చట్టం సూపర్‌వైజర్ అంటుంది. ఆ సూపర్‌వైజర్‌కి హైస్కూల్ డిప్లొమా గానీ దానికి సమానమైన చదువు గానీ ఉండాలి. ఏడాదికి 180 రోజుల చదువు, లేదా హైస్కూల్ స్థాయిలో అయితే 990 గంటలు. సబ్జెక్టుల జాబితాలో పెన్సిల్వేనియా చరిత్ర ఉంటుంది, సంగీతం ఉంటుంది, అగ్నిప్రమాదాల నివారణ కూడా ఉంటుంది. వ్యాయామ విద్య కూడా అందులో ఉందని గమనించండి. ఏడాది చివర సర్టిఫైడ్ టీచర్ గానీ సైకాలజిస్ట్ గానీ పిల్లతో మాట్లాడి, పోర్ట్‌ఫోలియో (ఏడాదంతా పిల్ల చేసిన పని దాచిన ఫైలు) చూసి సంతకం పెడితే, ఆ కాగితం జూన్ 30 లోపు డిస్ట్రిక్ట్‌కి చేరాలి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆటల కోసం వెళ్ళినప్పుడు ఈ కాగితాలే మాకు అక్కరకొచ్చాయి.

మా అమ్మాయికి పరుగు మొదట్నుంచీ ఇష్టం. ఇంటి వెనక ట్రెయిల్ మీద ఒక్కతే పరిగెత్తేది. తొమ్మిదో తరగతికి వచ్చే ముందు వేసవిలో, అదే ట్రెయిల్ మీద హైస్కూల్ టీమ్ అమ్మాయిలు పది పన్నెండు మంది గుంపుగా, కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తడం చూసింది. ఇంటికొచ్చి నీళ్ళు తాగుతూ "అమ్మా, మాట్లాడుతూ కూడా పరిగెత్తొచ్చా?" అంది. ఆ రాత్రికి "నేనూ వాళ్ళతో పరిగెత్తొచ్చా?" అని అడిగింది.

నేను ఇంటర్ చదివింది రెసిడెన్షియల్ కాలేజీలో. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్, గ్రౌండ్ అన్న మాటే లేదు. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా పరిగెత్తిన గుర్తు లేదు నాకు. అందుకే పిల్ల నోరు తెరిచి అడిగాక, సాధ్యం కాదన్న మాట ఎవరు చెప్పినా వినదలచుకోలేదు.

జూన్‌లో స్కూలుకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. "మీ అమ్మాయి సైబర్ చార్టరా?" అని అడిగింది. కాదు, హోమ్ ఎడ్యుకేషన్ అన్నాను. "అయితే మా స్టూడెంట్ కాదు కదా, టీమ్ మా స్టూడెంట్స్‌కే" అంది. ఈ తేడా మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చదివే సైబర్ చార్టర్ పిల్లలు చట్టం దృష్టిలో పబ్లిక్ స్కూల్ పిల్లలే, వాళ్ళకి వేరే నియమాలు. తల్లిదండ్రులే నేర్పుకునే హోమ్ ఎడ్యుకేషన్‌కి వేరే చట్టం. ఆఫీసుల్లో చాలామందికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కాదని తెలిసినవాళ్ళు ఇక రెండోదానికి దారే లేదనుకుంటారు.

మా వారు "గొడవెందుకు, క్లబ్ టీమ్‌లో చేర్పిద్దాం, డబ్బు కడితే అయిపోతుంది" అన్నారు. ఆయన మాట తీసిపారేసేది కాదు. సాకర్‌కో స్విమ్మింగ్‌కో అయితే క్లబ్బులు బోలెడు, చాలామంది అదే చేస్తారు. కానీ ఏడాదికి వేలల్లో ఫీజు, దానిపైన ప్రయాణాలు. పైగా హైస్కూల్ క్రాస్ కంట్రీ అనేది హైస్కూల్లోనే ఉంటుంది, సొంత ఊరి జెర్సీతో, పక్క ఊరి వాళ్ళ మీద. మేమూ ఈ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నవాళ్ళమే, ఏటా స్కూల్ టాక్స్ కడుతున్నవాళ్ళమే. ఆ గ్రౌండ్‌లో మా పిల్లకీ చోటుంది అన్నాను.

అప్పుడు చట్టం తీసి చదివాను. అది చెప్పేది ఇంతే: హోమ్‌స్కూల్ పిల్లల్ని వాళ్ళు నివసించే డిస్ట్రిక్ట్ తన కార్యక్రమాల్లో పాల్గొననివ్వాలి. క్లబ్బులు, సంగీత బృందాలు, ఆటలు, నాటకాలు అన్నీ అందులోకి వస్తాయి. స్కూలు పిల్లలకున్న అర్హతలే గానీ వాటికి సమానమైనవి గానీ ఈ పిల్లలకీ ఉండాలి, సెలెక్షన్ ఉంటే అందులో నెగ్గాలి, టీమ్ నియమాలు పాటించాలి. పనికొచ్చే మాట ఇంకొకటి కూడా ఉంది. ఆటకి ముందు చేయించాల్సిన ఫిజికల్‌ని, అంటే డాక్టర్ చేసే ఆరోగ్య పరీక్షని, స్కూలే ఏర్పాటు చేస్తుంటే, హోమ్‌స్కూల్ పిల్లలకీ అందులో చోటివ్వాలి, ఆ తేదీలు బయటికి ప్రకటించాలి. ఇది ఎవరూ వాడుకోవడం నేను చూడలేదు.

చట్టంలో ఆ పేరా ప్రింట్ తీసి, మా అఫిడవిట్ కాపీ, ముందు ఏడాది పోర్ట్‌ఫోలియో చూసిన ఎవాల్యుయేటర్ సంతకం చేసిన కాగితం జతచేసి సూపరింటెండెంట్ ఆఫీసుకి పంపాను. స్కూల్లో ఆటల ఆఫీసుకి మన పేరు తెలియదు గానీ, డిస్ట్రిక్ట్ ఆఫీసులో మన ఫైలు ఏళ్ళ తరబడి ఉంటుంది. నిష్ఠూరాలు లేకుండా, మా అమ్మాయి ఈ సీజన్‌లో క్రాస్ కంట్రీలో చేరాలనుకుంటోంది, తర్వాత ఏం చేయాలో చెప్పండి అని మాత్రమే రాశాను. వారం తిరగకుండానే అథ్లెటిక్ డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశారు. తమ దగ్గర ఇలాంటి పిల్లలు తక్కువనీ, ఫ్రంట్ ఆఫీసులో తెలియక అలా చెప్పారనీ అన్నారు. అక్కణ్ణుంచి ఆయన మాకు అండగానే ఉన్నారు.

తర్వాత ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్. మొదటి పేజీలోనే స్టూడెంట్ ఐడీ అడిగింది. అది లేకుండా రెండో పేజీ తెరుచుకోదు. మా అమ్మాయికి ఆ నంబర్ లేదు. చట్టం ఇచ్చిన హక్కు ఒక ఖాళీ గడి దగ్గర ఆగిపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. చివరికి డిస్ట్రిక్ట్ ఐటీ వాళ్ళు మా అమ్మాయి కోసం విడిగా ఒక నంబర్ సృష్టించి ఇచ్చారు. మీ దగ్గరా ఇదే జరగొచ్చు, అందుకే ఆగస్టు దాకా ఆగకండి. టీమ్ ప్రాక్టీస్ ఆగస్టు మధ్యలో మొదలైపోతుంది, కాగితాలు పూర్తికాని పిల్లని మొదటి రోజు గ్రౌండ్‌లోకి రానివ్వరు.

ఇక ఫిజికల్. హైస్కూల్ ఆటల్ని నడిపే రాష్ట్ర సంస్థ పీఐఏఏ. వాళ్ళ ఫారం చాలా పేజీలుంటుంది. తలకి దెబ్బ తగిలితే వచ్చే కంకషన్ గురించి ఒక పేజీ, ఉన్నట్టుండి గుండె ఆగిపోయే ప్రమాదం గురించి ఒక పేజీ, రెండిటి మీదా తల్లీ పిల్లా ఇద్దరం సంతకం చేయాలి. ఆరోగ్య చరిత్ర పేజీలో కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె జబ్బుతో పోయారా అన్న ప్రశ్న ఉంది. నా పెన్ను అక్కడ ఆగిపోయింది. మా చిన్న మావయ్య పొలం గట్టు మీద కూలబడి పోయినప్పుడు ఆయన వయసు నలభై లోపే. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి కథ ఒక్కటైనా ఉంటుంది. "అదెప్పటి సంగతో, రాయక్కర్లేదులే" అన్నారు మా వారు. నేను అవును అనే టిక్ పెట్టాను. డాక్టర్ అది చూసి స్టెతస్కోప్ ఇంకాసేపు పెట్టి విని, ఈసీజీ తీయించమంది. రిపోర్ట్ బాగానే వచ్చింది గానీ, వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ ప్రశ్న దగ్గర దయచేసి ఎవరూ దాచకండి. అది పిల్ల ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

ఆగస్టులో ప్రాక్టీస్ మొదలైంది. మొదటి వారం మా అమ్మాయి ఇంటికొచ్చి పెద్దగా మాట్లాడేది కాదు. "ఏ మిడిల్ స్కూల్ నీది?" అని అందరూ అడిగేవాళ్ళట, ఏ లంచ్ టేబుల్ దగ్గర కూర్చుంటావని అడిగేవాళ్ళట. స్కూళ్ళు తెరిచాక మధ్యాహ్నం ఆఖరి బెల్లు కొట్టే వేళకి కార్లో తీసుకెళ్ళి గ్రౌండ్ దగ్గర దించేదాన్ని. నాలుగు మైళ్ళు కలిసి ఆయాసపడ్డాక ఎవరు ఎక్కడ చదువుతున్నారో ఎవరికీ పట్టలేదు. సెప్టెంబర్ వచ్చేసరికి ఒకమ్మాయి మా వంటింట్లో పులిహోర తింటూ కూర్చుంది.

ఈ ఆట సంగతి తెలియని వాళ్ళకి నాలుగు మాటలు. అయిదు కిలోమీటర్లు గడ్డిలో, బురదలో, గుట్టలెక్కి దిగుతూ పరిగెత్తాలి. పెద్ద రేసులో ఒక్కో స్కూలు నుంచి ఏడుగురు. మొదటి అయిదుగురి స్థానాలు కూడితే వచ్చేది టీమ్ స్కోరు, ఎంత తక్కువైతే అంత మేలు. ఆరో అమ్మాయి, ఏడో అమ్మాయి స్థానాలు లెక్కలోకి రావు గానీ, ఎదుటి టీమ్ అయిదో అమ్మాయిని వాళ్ళు దాటితే ఆ టీమ్ స్కోరు పెరుగుతుంది. అంటే వెనకాల వచ్చే పిల్ల పరుగుకీ విలువుంటుంది. మా అమ్మాయి ఎక్కువగా జూనియర్ రేసులే పరిగెత్తింది. సీజన్ చివర ఒకమ్మాయికి కాలి నొప్పి వస్తే ఏడో స్థానంలో దీన్ని దింపారు. ఆఖరి గుట్ట మీద పక్క ఊరి టీమ్ జెర్సీ వేసుకున్న ఒకమ్మాయిని మా అమ్మాయి దాటింది. ఆ జెర్సీ వాళ్ళ అయిదో అమ్మాయిదని మాకు తర్వాత తెలిసింది.

ఇక అసలు విషయానికొస్తాను. వారం వారం అర్హత చూస్తారు. స్కూలు పిల్లలకి టీచర్లు వేసిన మార్కులు చూసి, వెనకబడితే ఆదివారం నుంచి శనివారం దాకా పోటీకి దింపరు. మా డిస్ట్రిక్ట్‌లో రెండు సబ్జెక్టుల్లో ఫెయిల్ అవుతుంటే ఆ వారం బెంచీయే. హోమ్‌స్కూల్ పిల్లలకి ఆ కాగితం మీద సంతకం పెట్టేది సూపర్‌వైజర్, అంటే నేనే. ప్రతి శుక్రవారం సబ్జెక్టుల పేర్లు, ఎదురుగా పాస్ అవుతోందా లేదా అన్నది రాసి ఆటల ఆఫీసుకి పంపాలి.

ఒక శనివారం రేసు దగ్గర, పేరెంట్స్ వేసిన టెంటు కింద నారింజ ముక్కలు కోస్తుంటే టీమ్‌లో ఒకమ్మాయి తల్లి నన్ను సూటిగా అడిగింది: "మా పిల్లకి మార్కు వేసేది టీచర్. మీ పిల్లకి మీరే వేసుకుంటారు. ఇది న్యాయమేనా?" కోపంతో అడగలేదు. వాళ్ళమ్మాయి బయాలజీలో కష్టపడుతోందని నాకు తెలుసు. ఈ ప్రశ్నని కొట్టిపారేసే హోమ్‌స్కూల్ తల్లిదండ్రుల్ని చూశాను, నాకది నచ్చదు. బాస్కెట్‌బాల్ లాంటి ఆటలో అయితే పన్నెండు పదమూడు చోట్లే ఉంటాయి. మన పిల్లకి ఒకటి దొరికితే రోజంతా ఆ స్కూల్లో కూర్చున్న ఇంకో పిల్లకి పోతుంది. అడగడం వాళ్ళ హక్కు. ఏడాది చివర బయటి వ్యక్తి వచ్చి పోర్ట్‌ఫోలియో అంతా చూస్తుందని ఆవిడకి చెప్పాను. అంతకంటే ముఖ్యంగా ఆ శుక్రవారం కాగితాన్ని నేను ఎలా రాస్తానన్న దాని మీదే, మా తర్వాత వచ్చే పిల్లల సంగతి ఆధారపడి ఉందని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

దసరా వచ్చింది. తొమ్మిది రోజులూ ఎవరో ఒకరింట్లో బొమ్మల కొలువు పేరంటం, ప్రాక్టీస్ అయ్యాక తలస్నానం, పట్టు పరికిణీ, కారు. కెమిస్ట్రీ ల్యాబ్ నోట్స్ మూడు వారాలవి రాయకుండా ఉండిపోయాయి, ప్రపంచ చరిత్ర వ్యాసం మొదలే పెట్టలేదు. శుక్రవారం కాగితం ముందు కూర్చున్నాను. మర్నాటి రేసుకి ఇబ్బంది లేదు, ఆ పై శనివారం మాత్రం సీజన్‌లో పెద్ద ఇన్విటేషనల్, అంటే చాలా స్కూళ్ళు కలిసి పరిగెత్తే పోటీ. "అమ్మా, ఆదివారానికి రాసేస్తాను, పాస్ అని పెట్టు" అంది. రాసేస్తుందనీ తెలుసు. కానీ ఆ రోజుకి రాయలేదు. స్కూల్లో టీచర్ అయితే శుక్రవారం ఉన్నదే వేస్తుంది. రెండు సబ్జెక్టుల ఎదురుగా లేదు అని రాసి పంపాను. పిల్ల ఏడ్చింది, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా వారికీ కష్టంగానే అనిపించింది. ఇన్విటేషనల్‌కి మా అమ్మాయి టీమ్ హుడీ వేసుకుని వెళ్ళి రెండో మైలు గుర్తు దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచింది. కోచ్ దాన్ని ఓదార్చలేదు, మందలించలేదు. "వచ్చే వారం నువ్వు కావాలి" అన్నారు, ఇంకెవరితోనైనా అదే అనేవారు. స్కూలు పిల్లతో ఎలా ఉంటారో మా పిల్లతోనూ అలాగే ఉన్నారు. నేను అడిగింది అదే.

వర్జీనియాలో యాష్‌బర్న్‌లో ఉండే మా ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ బాబు కూడా ఇంట్లోనే చదివాడు, టెన్నిస్ బాగా ఆడతాడు. అక్కడ 2015, 2016, 2017లో వరసగా, హోమ్‌స్కూల్ పిల్లల్ని స్కూల్ టీముల్లో ఆడనిచ్చే బిల్లు శాసనసభ పాస్ చేసినా అప్పటి గవర్నర్ మెకాలిఫ్ వీటో చేశారు. అందరూ దాన్ని టెబో బిల్లు అనేవాళ్ళు. టిమ్ టెబో ఫ్లోరిడాలో ఇంట్లో చదువుకుంటూనే, 1996 నాటి చట్టం పుణ్యమా అని పబ్లిక్ హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడాడు, 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. ఆ స్కూలు టీమ్‌లో ఆడటం కోసం వాళ్ళమ్మ కొడుకుతో పక్క కౌంటీలో అపార్ట్‌మెంట్ తీసుకుని ఉందట. టెక్సస్‌లో 2021లో చట్టం చేసి ఇష్టమున్న డిస్ట్రిక్ట్‌లు చేర్చుకోవచ్చన్నారు. 2025లో దాన్ని తిరగేసి, వద్దని బోర్డు తీర్మానం చేస్తే తప్ప చేర్చుకోవాల్సిందే అన్నారు. న్యూజెర్సీలో ఏ డిస్ట్రిక్ట్ ఇష్టం దానిది. ఒకే ఆట, ఒకే వయసు పిల్లలు, రాష్ట్రం గీత దాటితే నియమం మారిపోవడం నాకు ఏమాత్రం న్యాయంగా తోచదు. ఇల్లు మారేటప్పుడు స్కూల్ రేటింగులు చూసుకునే మనవాళ్ళు, హోమ్‌స్కూల్ ఆలోచన ఉంటే దీన్నీ చూసుకోవాలి.

కెమిస్ట్రీ సంగతి మాత్రం ఆ అక్టోబర్ తర్వాత మేం తీరిగ్గా ఆలోచించాం. ఇంట్లో ల్యాబ్ చేయడం నిజంగా కష్టమే. 2022లో వచ్చిన 55వ చట్టం ప్రకారం, 2023-24 నుంచి హోమ్‌స్కూల్ పిల్లలు స్కూలు రోజులో పావు వంతు దాకా అక్కడి తరగతులకీ వెళ్ళొచ్చు. వచ్చే ఏడాది కెమిస్ట్రీ స్కూల్లోనే తీసుకుంటానని మా అమ్మాయి తనే అడిగింది, దరఖాస్తు పెట్టాం. ఈసారి స్టూడెంట్ ఐడీ సిద్ధంగానే ఉంది.

మార్చిలో ట్రాక్ సీజన్ మొదలవుతుంది. వేసవిలో చేయించిన ఫిజికల్ దానికీ చెల్లుతుంది. మధ్యలో దెబ్బలేమైనా తగిలాయా, జబ్బేమైనా చేసిందా అని తల్లిదండ్రులు మళ్ళీ ధ్రువీకరించే పేజీ ఒక్కటి నింపితే చాలు. మొన్న అథ్లెటిక్ డైరెక్టర్ ఫోన్ చేసి, ఇంకో హోమ్‌స్కూల్ కుటుంబం బేస్‌బాల్ గురించి అడుగుతోంది, శుక్రవారం కాగితం మీరెలా రాస్తారో వాళ్ళకి చూపిస్తారా అని అడిగారు. దసరా వారం కాగితంతో సహా అన్నీ పంపాను.